పంతొమ్మిదో మనిషి

ఎర్రోల్ పాస్కో కుడి మోకాలికి పట్టీ చుట్టడం ముగించి ఎడమ మోకాలు అందుకున్నాడు. చివర పళ్ళతో కొరికి తెంపి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి అతికించాడు. రేకుల కప్పు కింద ఆ గదిలో నొప్పుల తైలం ఘాటుకి కొత్తవాడికైతే కళ్ళ నీళ్ళు కారతాయి. ఎర్రోల్‌కి మాత్రం అది శనివారం వాసన. అరవై మూడేళ్ళ మనిషి. కొంగకాళ్ళు, ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండే చెవులు, ముక్కు మీద ఎండపుండు కోసేసిన చోట చిన్న గుంట. వారమంతా స్టేషన్ పక్కన గోధుమలు నిలవచేసే సైలోల దగ్గర పని. ఊడవడం, ఎలుకలకు మందు పెట్టడం, లారీలొస్తే గొట్టాలు తగిలించడం. అక్కడ ఆయన ఒకరోజు రాకపోతే ఎవరూ గమనించరు. శనివారం మాత్రం ఆయన లేకుండా నర్రాబిల్ జట్టు మైదానంలోకి దిగదు.

కొక్కేనికున్న నిమ్మపండు రంగు చొక్కా తీసి తొడుక్కున్నాడు. చేతుల్లేని చొక్కా, వీపున ‘రన్నర్’ అని సగం చెరిగిన అక్షరాలు. ఎడమ చెయ్యి దూర్చేటప్పుడు భుజం కింద ఏదో బరువుగా లాగింది. నిన్న ఎత్తిన బస్తాల పని అనుకున్నాడు. జేబులో పాము ఆకారపు జిగురు మిఠాయిల పొట్లం ఉందో లేదో తడుముకున్నాడు. ఉంది. వాటిలో ఎర్రవి ఆటగాళ్ళవి. ఆకుపచ్చవి ఎవరూ తినరు కాబట్టి ఎర్రోల్‌వి.

ఇది ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే నాలుగు క్వార్టర్ల ఆట. అది నడుస్తున్నంతసేపూ కోచ్ గీత దాటి లోపలికి రాకూడదు. మైదానం ఇంత పొడుగు, మా విమెరా బయళ్ళ గాలి అంత బలం, అరిస్తే అవతలి చివరికి చేరేది సగం మాటే. అందుకని కోచ్ చెప్పింది మోసుకుపోయి ఆటగాడి చెవిలో వేసి, వెంటనే బయటికి వచ్చెయ్యడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ రన్నర్ పని ఎర్రోల్ ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాడు. ఆటగాళ్ళు ఆయన్ని టెలిగ్రాం అంటారు.

ఇక జట్టు సంగతి. గెలిచి రెండేళ్ళు దాటింది. ఆడగలిగినవాళ్ళు పక్క ఊళ్ళ జట్లకో, నగరానికో పోయారు. మిగిలింది పాలుతాగే వయసువాళ్ళూ, నడుములు పట్టేసినవాళ్ళూ. ఈ ఏడు డీన్ కిర్ష్ కోచ్‌గా వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, గొర్రెల సంతలో వేలం వేసే ఏజెంటు, అందుకని గొంతుకి మాత్రం లోటు లేదు. మనిషి మంచివాడే. జట్టుని పునాది నుంచి కడదామని వచ్చాడు. “గెలుపు మర్చిపోండి, ఒక్కొక్క క్వార్టర్ ఆడండి. బంతి దొరికితే గుడ్డిగా ముందుకి తన్నకండి, దగ్గరవాడికే ఇవ్వండి, వెనక్కయినా ఇవ్వండి” అని నేర్పాడు. ఎంత చిత్తుగా ఓడినా ఆట అయ్యాక తెల్లబోర్డు మీద మూడు మంచి విషయాలు రాయాలని నియమం పెట్టాడు. కొన్ని శనివారాలు మూడు దొరకడానికి చెమటలు పట్టేవి. ఒకసారి మూడోది ‘వాన పడలేదు’ అని రాశాడు.

కానీ ఆట నడుస్తుంటే ఆ మంచివాడు ఎటు పోయేవాడో పోయేవాడు.

ఆగస్టు నెల. పొద్దున్నే మంచు విడిచింది. మైదానం చుట్టూ కంచెకు ముక్కులు ఆనించి కార్లు నిలిచాయి. అవతల కనోలా నూనెగింజల చేలు పసుప్పచ్చగా విరగబూశాయి. మొదటి క్వార్టర్ మొదలైన కాసేపటికే కిర్ష్ గొంతు లేచింది.

“టెలిగ్రాం! ఆ బేకర్‌గాడికి చెప్పు, బంతి వంగి తియ్యడానికి వాడి నడుమేమన్నా అద్దెకి తెచ్చుకున్నాడా అని! ఒంటి చేత్తో ఏంటా సోకులు!”

ఎర్రోల్ పరుగు తీశాడు. ఆయన పరుగు చూడ్డానికి బాగోదు. మోచేతులు బయటికి, తల ముందుకి, వేడి ఇసుకలో నడిచినట్టు. బేకర్ దగ్గరికి చేరేసరికి ఆ మాటలో తిట్టంతా దారిలోనే రాలిపోయింది.

“బంతి దగ్గరికి అందరికంటే ముందు నువ్వే పోతున్నావంట. కోచ్ బాగుందన్నాడు. వంగి రెండు చేతుల్తో తీసుకోమన్నాడు.”

“నిజంగా అన్నాడా?”

“తిను,” అని ఒక ఎర్రపాము చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు. బేకర్ తరవాతి బంతి రెండు చేతుల్తో తీశాడు. అవతల కిర్ష్, “చూశావా, గట్టిగా చెప్తేగాని వినరు వెధవలు!” అని తొడ చరుచుకున్నాడు. ఎర్రోల్ ఆకుపచ్చ పాము ఒకటి నోట్లో వేసుకున్నాడు.

ఈ ఏడాది మొదటి ఆట నుంచీ ఇదే వరస. అబద్ధమాడుతున్నానని ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు. కోచ్ చెప్పిన పనేదో ఆటగాడికి చేరుతూనే ఉంది కదా, పొట్టు ఊది గింజ ఇస్తున్నానంతే అనుకునేవాడు.

దానికి వెనక ఒక కథ ఉంది, కథంటే పెద్దదేం కాదు. ఎర్రోల్ పద్దెనిమిదేళ్ళప్పుడు పెద్ద జట్టులో ఒకే ఒక ఆట ఆడాడు. ఎవరికో జ్వరమొస్తే పిలిచారు. మొదటి క్వార్టర్ చివర అప్పటి రన్నర్ వచ్చి, “ఇక చాలన్నాడు, బయటికి రా” అన్నాడు. అంతే, ఇంకో ముక్క లేదు. ఆ రోజుల్లో ఒకసారి బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి పోవడానికి లేదు. అవతలి చివరి నుంచి మైదానమంతా దాటుకుంటూ, అన్ని కార్ల అద్దాల ముందు నుంచీ నడిచి వచ్చాడు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. పెళ్ళి కుదిరి తప్పిపోయినప్పుడు కూడా ఆయన అంత బాధపడలేదని మా ఊళ్ళో అంటారు.

ఇవాళ ఆయన కళ్ళన్నీ లూకస్ నియెమన్ మీదే ఉన్నాయి. ఇరవై మూడేళ్ళు, గోధుమ రైతు కొడుకు, ఆరడుగుల ఐదంగుళాల పొడుగు. అందరూ నిచ్చెన అంటారు. గోల్ ముందు ఆఖరి కాపలా, ఫుల్‌బ్యాక్. ఎదుటి జట్టులో గోల్స్ కొట్టే మొనగాడెవడైతే వాడు వీడి పాలబడతాడు. బలహీనమైన జట్టులో ఆ చోటు నరకం, ఎందుకంటే బంతి ఎప్పుడూ అక్కడే తిరుగుతుంది. గత మూడు ఆటల్లోనూ మూడో క్వార్టర్‌లో కిర్ష్ వాణ్ణి బయటికి లాగేశాడు. గురువారం ప్రాక్టీసయ్యాక కార్ల దగ్గర వాడు ఎర్రోల్‌తో అన్నాడు:

“ఇంకొక్కసారి లాగేస్తే బూట్లు కాలవలో పారేస్తా, టెలిగ్రాం. ఒట్టు. ఆదివారాలు చేపలు పట్టుకుంటా, శనివారాలు కూడా పట్టుకుంటా.”

వాడలాంటివాడే, అంటే చేస్తాడు. పద్దెనిమిది మందిని దించి బయట ఇద్దరిని కూర్చోబెట్టేసరికే ఈ వారం తల ప్రాణం తోకకి వచ్చింది. నిచ్చెన పోతే వాడి తమ్ముడూ పోతాడు, వాడి కారులో వచ్చే ఇద్దరూ పోతారు. రెండు శనివారాలు జట్టు దిగకపోతే లీగ్ వాళ్ళు పేరు కొట్టేస్తారు. ఆపైన ఈ మైదానంలో గొర్రెలు మేస్తాయి. ఎర్రోల్‌కి ఇదంతా తెలుసు. కానీ లూకస్ మాట కోచ్‌కి చేర్చలేదు. ఆయన ఎప్పుడూ ఒకవైపు నుంచే మాట మోసేవాడు. రెండోవైపు నుంచి కూడా మోసి ఉంటే ఆ శనివారం ఇంకోలా నడిచేదేమో.

ఆ రోజు ఎందుకో బంతి మావాళ్ళ మాట వింది. దగ్గర దగ్గర తన్నులు కుదిరాయి. లాస్కోంబ్ జట్టు పట్టికలో మూడో స్థానంలో ఉంది, అయినా సగం ఆట అయ్యేసరికి వాళ్ళకీ మాకూ తేడా రెండు గోల్సే. క్యాంటీన్‌లో థెల్మా మాంసం పైలు అమ్మడం ఆపి, ఏప్రన్‌తోనే కంచె దగ్గరికొచ్చి నిలబడింది. మూడో క్వార్టర్ చివరికి తేడా రెండు పాయింట్లకి దిగింది. ఇంకొక్క గోల్ పడితే ఆరు పాయింట్లు, రెండేళ్ళలో మొదటిసారి మాది పైచెయ్యి.

సరిగ్గా అప్పుడే అవతలి చివర లాస్కోంబ్ కెప్టెన్ గాఫ్నీ లూకస్ భుజాల మీంచి ఎగిరి బంతి పట్టాడు. తన్నింది పక్కకి పోయింది కాబట్టి సరిపోయింది. కిర్ష్ ఊరుకోలేదు.

“చాలు! నిచ్చెనని లాగెయ్. హాస్, నువ్వెళ్ళి గాఫ్నీని పట్టుకో. టెలిగ్రాం, పో!”

హాస్ బయటున్న ఇద్దరిలో ఒకడు, నలభై ఏళ్ళ ప్లంబర్. కుర్చీలో కూర్చుంటే నడుము పట్టేస్తుందని గీత దగ్గరే గెంతుతూ ఉన్నాడు. నిబంధన ప్రకారం లోపలివాడు గీత దాటాకే బయటివాడు పోవాలి. మావాళ్ళకి అంత ఓపిక ఏది? ఎర్రోల్ వెళ్ళి ఎవడి భుజం మీద చెయ్యి వేస్తే వాడు బయటికొస్తున్నట్టు లెక్క. ఆ చెయ్యి పడగానే బయటివాడు గీత దాటేస్తాడు. ఏళ్ళ తరబడి అలాగే జరుగుతోంది, ఎవరూ పట్టించుకోలేదు.

ఎర్రోల్ పరిగెత్తాడు. దారి పొడుగునా భుజం కింది బరువు మోచేతి దాకా జారింది. లూకస్ ఆయన రావడం చూసి అప్పుడే నోట్లోని పళ్ళ కవచం తీసేశాడు. ముఖం నిండా బురద.

“అర్థమైంది, టెలిగ్రాం. నువ్వు చెప్పక్కర్లేదు.”

ఆ ఒక్క క్షణంలో ఎర్రోల్‌కి తన పద్దెనిమిదో ఏటి మైదానం కనిపించింది. అన్ని కార్ల అద్దాలూ కనిపించాయి.

“ఏం అర్థమైంది నీ మొహం,” అన్నాడు. “కోచ్ ఉండమన్నాడు. గాఫ్నీ వెనక కాదురా, ఒకడుగు ముందు నిలబడమన్నాడు. పట్టుకోవద్దు, పిడికిలితో బంతిని కొట్టెయ్. అంతే నీ పని.”

అని, వాడి గుండె దిటవు చెయ్యడానికి, ఏమీ ఆలోచించకుండా, వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

అటు హాస్ గీత దాటేశాడు.

ఎర్రోల్ వెనక్కి తిరిగేసరికి అందరి తలలూ రెండో చివరికి తిరిగి ఉన్నాయి. బేకర్ వంగి రెండు చేతుల్తో బంతి తీసి, తిరిగి, తన్నాడు. రెండు పొడుగు స్తంభాల మధ్య నుంచి బంతి తేలుతూ పోయింది. గోల్! చుట్టూ కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. తోకలూపే కుక్కలు, ఏడ్చే పిల్లలు, థెల్మా ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకోవడం. నర్రాబిల్ నాలుగు పాయింట్లు పైన. ఎర్రోల్ కూడా మైదానం మధ్యలో నిలబడిపోయి నవ్వుతున్నాడు. అప్పుడు హాస్ తన పక్క నుంచి గాఫ్నీ వైపు పరిగెత్తడం చూశాడు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

గాఫ్నీ అటొకసారి, ఇటొకసారి చూశాడు. అటు హాస్, ఇటు లూకస్. వాడు చెయ్యెత్తాడు.

“అంపైర్! లెక్కపెట్టు!”

నర్రాబిల్‌వాళ్ళని మైదానం మధ్యలో వరసగా నిలబెట్టారు, బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు. అంపైర్ ఒక్కొక్కరి ఛాతీ మీద వేలు పెడుతూ నడిచాడు. హారన్లు ఒక్కొక్కటే ఆగాయి. పద్దెనిమిది అయ్యాక ఇంకా ఒక మనిషి మిగిలాడు. అది లూకస్.

మా లీగ్‌లో పాత నిబంధనే ఉంది. ఒక్క మనిషి ఎక్కువున్నా, అప్పటిదాకా వేసిన గోల్స్ అన్నీ సున్నా. స్కోరుబోర్డు మీదున్న మనిషి కాసేపు తల గోక్కుని, మా అంకెల రేకులు ఒక్కొక్కటే కొక్కేల నుంచి తీశాడు. నోటికాడి ముద్ద అలా పోయింది. కాసేపటికే మూడో క్వార్టర్ సైరన్ మోగింది.

విరామంలో అందరూ గుండ్రంగా చేరారు. కిర్ష్ మొదట హాస్ మీద పడ్డాడు.

“వాడు బయటికి రాకుండా నువ్వెలా పోయావ్?”

“టెలిగ్రాం చెయ్యి వేశాడుగా! నా కళ్ళతో చూశా!”

కిర్ష్ లూకస్ వైపు తిరిగాడు. “నిన్ను రమ్మన్నానా లేదా?”

“నువ్వు ఉండమన్నావుగా?” అన్నాడు లూకస్, అయోమయంగా.

“తప్పు నాదే,” అన్నాడు ఎర్రోల్. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. “వాణ్ణి రమ్మని నేను చెప్పలేదు. ఉండమన్నా.”

“నేను చెప్పింది చెప్పకుండా నీ ఇష్టమొచ్చింది చెప్పావా? ఎప్పట్నుంచి సాగుతోంది ఇది?”

ఎర్రోల్ నేల చూశాడు. “మొదటి ఆట నుంచి.”

బేకర్ మెల్లగా అడిగాడు.

“అయితే నేను అందరికంటే ముందు బంతి దగ్గరికి పోతున్నానని...?”

“నేనే అన్నా.”

“నా తన్ను బాగుపడిందని పోయిన నెల అన్నది?” అని ఇంకొకడు.

“అదీ నేనే.”

“మరి కోచ్ ఏమన్నాడు?”

“అది ఇప్పుడెందుకులేరా.”

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తరవాత హాస్, తన నడుము పట్టుకుని, పగలబడి నవ్వాడు. అందరికీ అంటుకుంది. కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. ఏడాది పొడుగునా తమని నిలబెట్టిన మాటలు ఎవరివో వాళ్ళకి తెలిసింది, ఆ తెలియడంలో సిగ్గూ ఉంది, వెచ్చదనమూ ఉంది. కిర్ష్ ఒక్కడే నవ్వలేదు. చెవుల దాకా ఎర్రబడి, బూటు మొనతో గడ్డి తవ్వుతూ నిలబడ్డాడు. ఎర్రోల్ చొక్కా గుండీ మీద చెయ్యి పెట్టాడు, విప్పి ఇచ్చేద్దామని. ఆ చొక్కా తప్ప శనివారాల్లో ఆయనకి ఇంకేమీ లేదు.

కిర్ష్ స్కోరుబోర్డు కేసి చూశాడు. మా పేరు పక్కన ఒక్క సున్నా.

“ఈ ఏడాదంతా మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి, మొదలెట్టాలి అని చస్తున్నాం,” అన్నాడు చివరికి. “ఇదిగో, అంపైరే మొదలెట్టించాడు. ఆట పోయింది. అది గెలవలేం. ఈ క్వార్టర్ ఒకటుంది.”

తరవాత లూకస్ వైపు చూడబోయి చూడలేక, రెండడుగుల దూరంలో ఉన్నవాడికి తిన్నగా చెప్పే నోరు లేక, ఎర్రోల్ వైపు తిరిగాడు.

“టెలిగ్రాం. నిచ్చెనకి చెప్పు. ఉండమని.”

ఎర్రోల్ ఆ రెండడుగులూ నడిచాడు.

“కోచ్ ఉండమన్నాడు,” అన్నాడు. ఏడాదంతా కలిపి మార్చకుండా చేరవేసిన మాట అదొక్కటే.

ఆఖరి క్వార్టర్‌లో లూకస్ గాఫ్నీకి ఒకడుగు ముందు నిలబడ్డాడు. పట్టుకోబోలేదు. వచ్చిన ప్రతి బంతినీ పిడికిలితో కొట్టాడు. గాఫ్నీ ఒక్క గోల్ వెయ్యలేదు. మావాళ్ళు నాలుగు వేశారు, వాళ్ళు వేరేవాళ్ళతో రెండు వేసుకున్నారు. కాగితం మీద మేం చిత్తుగా ఓడిపోయాం. అయినా సైరన్ మోగాక కార్ల హారన్లు ఆగలేదు. అవతలి ఊరివాళ్ళు మాకు పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

గదిలో కిర్ష్ బోర్డు మీద మొదట ‘నాలుగో క్వార్టర్ మనదే’ అని రాశాడు. రెండోది ‘నియెమన్’. మూడోదానికి పెన్ను పట్టుకుని ఆగి, “మూడోది టెలిగ్రాం చెప్తాడు” అన్నాడు.

ఎర్రోల్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ముఖం కాస్త పాలిపోయి.

“వాన పడలేదు,” అన్నాడు.

గది పైకప్పు రేకులు మోగేలా నవ్వారు.

అందరూ వెళ్ళాక కిర్ష్ తలుపు దగ్గర ఆగాడు. “గురువారం వస్తావా?”

“రమ్మంటే వస్తా.”

“నేను తిడతా. నాకు చేతకాదు, తిట్టకుండా ఉండలేను. నువ్వు ఏం మార్చి చెప్పావో తిరిగొచ్చి నాకు కూడా చెప్పు. నేర్చుకుంటా.”

ఎర్రోల్ తల ఊపాడు. ఎంత సంతోషమేసిందో చెప్పడానికి ఆయనకి మాట రాలేదు. అందరి మాటలూ మోసిన మనిషికి సొంత మాట ఎప్పుడూ కరువే. “తైలం అయిపోయింది, తెస్తా” అన్నాడు. చొక్కాని ఎప్పుడూ ఇంటికి పట్టుకెళ్ళి ఉతికి తెచ్చేవాడు. ఆ రోజు చెయ్యి లాగుతోందని కొక్కేనికే వదిలేసి వెళ్ళాడు.

ప్రతి ఆదివారం పొద్దున కంచె వెంట మాంసం పైల కాగితాలు ఏరేది ఎర్రోలే. ఆ ఆదివారం కాగితాలు గాలికి ఎగురుతుంటే థెల్మా చూసి, ఆయన ఇంటికి వెళ్ళి తలుపు తట్టింది. కుర్చీలోనే ఉన్నాడు. ఒక బూటు విప్పుకున్నాడు, రెండోది విప్పలేదు. మోకాళ్ళకి పట్టీలు అలాగే ఉన్నాయి. రాత్రే పోయాడనీ, గుండె అనీ డాక్టరు చెప్పాడు.

గురువారం ప్రాక్టీసుకి అందరూ వచ్చారు. మానేసినవాళ్ళలో కూడా నలుగురు వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది లూకస్. చేతిలో తైలం సీసా ఉంది, ఎవరూ తెమ్మనలేదు.

శనివారం ఆట మొదలైన కాసేపటికి, ఎవడో బంతి జారవిడిస్తే, కిర్ష్ ఎడమ పక్కకి తిరిగి, “టెలిగ్రాం, ఆ వెధవకి చెప్పు...” అని మొదలెట్టాడు. పక్కన ఎవరూ లేరు. తనలో తానే, “బంతి దగ్గరికి ముందు నువ్వే పోయావ్, బాగుంది” అని గొణిగి చూసుకున్నాడు. క్వార్టర్ అయ్యేదాకా ఆగి, తానే నడిచి వెళ్ళి వాడికి ఆ మాట చెప్పాడు.

చొక్కాని ఆ రోజు ఎవరూ తియ్యలేదు. రేకుల గదిలో కొక్కేనికి అలాగే వేలాడుతోంది, అంచుల దగ్గర ఎండిన బురదతో. జేబు కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. అందులో పాము మిఠాయిల పొట్లం, ఎర్రవన్నీ పంచిపెట్టేయగా మిగిలిన ఆకుపచ్చవి.